దేవుని కోసం ఆకలి

తెలుగు సంఘాల్లో ఏ ఉపవాస ప్రార్థనకు వెళ్ళినా, ఏ ఉజ్జీవ కూటంలో కూర్చున్నా ఒక విన్నపం చెవిన పడుతుంది: ఆత్మీయమైన ఆకలి కలిగించమని. ఆరోగ్యం, ఉద్యోగం, పిల్లల పెళ్ళిళ్ళు అడిగే నోళ్ళే దీన్నీ అడుగుతాయి. అక్కరలు తీర్చమని దేవుణ్ణి వేడుకోవడం లోకమంతటా ఉన్నదే. ఆకలి తీర్చమని కాకుండా ఆకలి పుట్టించమని వేడుకోవడం మాత్రం ఆగి ఆలోచించవలసిన సంగతి. దేవుడిచ్చే మేలుల కోసం కాక దేవుని కోసమే మనిషిలో కలిగే ఈ తపనను క్రైస్తవ సాహిత్యం రెండు వేల ఏళ్ళుగా శరీర భాషలోనే, ఆకలిగా దాహంగా, చెబుతూ వచ్చింది.

ఇది కేవలం అలంకారం కాదు. ఈ భాష పుట్టింది నీటి చుక్క కోసం ముఖం వాచిన ఎడారి అంచుల్లో. పెరిగింది కరువులు చూసిన ఊళ్ళలో. దేవుని కోసం ఆకలిని గురించి లోతుగా మాట్లాడినవాళ్ళలో పలువురు అన్నం లేని ఆకలిని కూడా దగ్గరగా చూశారు. ఈ రెండు ఆకళ్ళకూ ఉన్న చుట్టరికాన్ని పక్కన పెడితే మిగిలేది సగం చరిత్రే.

ఎడారి నేర్పిన భాష

ఐగుప్తు దాస్యం నుంచి బయటపడిన ఇశ్రాయేలీయులు నలభై ఏళ్ళు అరణ్యంలో తిరిగారు. దేవుడు వాళ్ళను ముందు ఆకలిగొననిచ్చి, ఆ తర్వాత మన్నాతో పోషించాడని ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. ఆకలి అక్కడ శిక్ష కాదు, పాఠం. మన్నాను ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. విశ్రాంతి దినం కోసం ముందురోజు ఏరుకున్నది తప్ప, దాచుకున్నది తెల్లారేసరికి పురుగు పట్టేది. దేవుని మీద ఆధారపడడం నిలవ చేసుకునే సరుకు కాదనే ఆలోచనకు మూలం ఇక్కడే ఉంది.

42వ కీర్తనలో వాగు కోసం రొప్పే దుప్పి ప్రపంచంలోని క్రైస్తవులందరికీ తెలుసు. ఆ కీర్తన పాడినవాడు ఎక్కడ ఉన్నాడన్నది అంతగా గమనింపుకు రాదు. అతడు యెరూషలేముకు దూరంగా, యొర్దాను, హెర్మోను ప్రాంతంలో చిక్కుపడ్డాడు. పండుగ రోజుల్లో జనంతో కలిసి మందిరానికి నడిచిన సంగతి తలుచుకుని కుమిలిపోతున్నాడు. అంటే అతని దాహం ఏకాంత యోగిది కాదు, సమాజాన్ని పోగొట్టుకున్న భక్తుడిది. 63వ కీర్తన శీర్షిక ఆ పాటను యూదా అరణ్యంలో ఉన్న దావీదుకు చెందినదిగా పేర్కొంటుంది.

క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో తెకోవకు చెందిన పశువుల కాపరి ఆమోసు ఈ భాషకు ఒక కొత్త పదును పెట్టాడు. అన్నపానాలకు కాక, దేవుని మాట వినడానికే కరువు వచ్చే రోజులు రాబోతున్నాయని హెచ్చరించాడు. ఈ వచనాన్ని విడిగా తీసి ప్రసంగించడం మామూలే. అదే అధ్యాయంలో, దానికి కొద్ది వచనాల ముందే, దొంగ త్రాసులతో తూచి, చెప్పుల జత ధరకు బీదవాళ్ళను కొనే వ్యాపారుల మీద ఆమోసు నిప్పులు కురిపించాడు. పేదవాడి గింజను దోచిన దేశానికే దేవుని మాట కరువవుతుందన్నది అతని వాదన. ఈ రెండు భాగాలనూ కలిపి చదివినప్పుడే ఆమోసు మాటలోని వాడి తెలుస్తుంది.

కొత్త నిబంధనలో ఈ రెండు ఆకళ్ళు మరింత దగ్గరగా నడుస్తాయి. కొండమీది ప్రసంగంలో యేసు నీతి కోసం ఆకలిదప్పులు గలవాళ్ళను ధన్యులన్నట్టు మత్తయి రాశాడు. లూకా రాసిన దానిలో ధన్యులు ఇప్పుడు ఆకలితో ఉన్నవాళ్ళే, మరో విశేషణం లేదు. సమరయ స్త్రీకి జీవజలం గురించి చెప్పిన యేసు అంతకుముందు తానే ఎండనపడి నడిచి వచ్చి, యాకోబు బావి దగ్గర ఆమెను మంచినీళ్ళు అడిగాడు. తాను జీవాహారమని ఆయన కపెర్నహూములో చెప్పింది ఐదు వేలమందికి కడుపునిండా రొట్టెలు పెట్టిన మరునాడు. కొరింథు సంఘంలో ప్రభువు బల్ల దగ్గర కలిగినవాళ్ళు ముందే తిని తాగి మత్తెక్కుతుంటే లేనివాళ్ళు పస్తులుంటున్నారని తెలిసి పౌలు కోపంతో రాసిన మాటలు నేటికీ బల్లారాధనలకు ఆధారమైన లేఖనంలోనే ఉన్నాయి.

ఒకే ఇంట ఇద్దరు

నాలుగో శతాబ్దపు కప్పదొకియలో, అంటే నేటి టర్కీ నడిబొడ్డున, ఈ రెండు ఆకళ్ళూ ఒకే ఇంటి అన్నదమ్ముల పనిగా కనిపిస్తాయి. అన్న బాసిల్, తమ్ముడు నిస్సా గ్రెగరీ.

369 ప్రాంతంలో ఆ సీమలో భయంకరమైన కరువు వచ్చింది. బాసిల్ అప్పటికి ఇంకా బిషప్ కాలేదు. ధాన్యం దాచి ధర పెరిగేదాకా చూస్తున్న ధనవంతులను పేరు పెట్టకుండానే సిగ్గుపడేలా చేసే ప్రసంగాలు చేసి గాదెలు తెరిపించాడు. ఆకలిగొన్నవాళ్ళను ఒకచోట చేర్చి తానే వడ్డించాడని ఆయన మిత్రుడు నజియాన్జు గ్రెగరీ రాశాడు. తర్వాత కైసరయ నగరం వెలుపల పేదలకు, బాటసారులకు, కుష్ఠురోగులకు ఆయన కట్టించిన సముదాయం బాసిలియాస్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది.

తమ్ముడు గ్రెగరీ తన ముసలితనంలో మోషే జీవితం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. దేవుణ్ణి ముఖాముఖి చూసి మాట్లాడినవాడే మళ్ళీ, నీ మహిమ నాకు చూపించు అని ఎందుకు అడిగాడు? గ్రెగరీని పట్టి ఊపిన ప్రశ్న ఇది. ఆయన కనుక్కున్న జవాబు క్రైస్తవ ఆత్మీయ చింతనలో ఒక మలుపు. దేవునికి హద్దు లేదు కనుక దేవుని కోసం కోరికకూ హద్దు ఉండదు. చూసిన కొద్దీ చూడాలనిపించడమే దేవుణ్ణి నిజంగా చూడడం. పరలోకంలో కూడా ఈ ప్రయాణం ముగియదు. అంతకుముందు గ్రీకు తత్వవేత్తలు కోరికను ఒక లోటుగా, తృప్తిని పరిపూర్ణతగా ఎంచారు. గ్రెగరీ ఆ లెక్కను తలకిందులు చేశాడు. ఆయన మాటలో తీరని ఆకలి ఒక జబ్బు కాదు, ఆత్మ ఆరోగ్యం.

అన్న నడిపిన వంటశాల, తమ్ముడు రాసిన పుస్తకం ఒకే విశ్వాసపు ఫలాలు. కడుపు ఆకలిని తీర్చి ముగించాలి. ఆత్మ ఆకలిని పెంచాలి. ఈ వివేకం లేక రెండింటినీ తారుమారు చేసిన బోధకులు తర్వాతి చరిత్రలో తక్కువేమీ లేరు.

అగస్టీన్, బెర్నార్డ్

లాటిన్ ప్రపంచంలో ఈ తపనకు భాష ఇచ్చినవాడు అగస్టీన్. 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తేలో పుట్టి, అలంకారశాస్త్రం బోధిస్తూ కార్తేజ్, రోము, మిలాన్ నగరాలు తిరిగాడు. దాదాపు తొమ్మిదేళ్ళు మానికేయ మతంలో నడిచాడు. 386లో మిలాన్‌లోని ఒక తోటలో, గోడ అవతలి నుంచి వినిపించిన పసివాడి గొంతు విని పౌలు పత్రికలను తెరిచాడు. మరుసటి ఏడాది ఈస్టరుకు ఆంబ్రోస్ చేతిమీదుగా బాప్తిస్మం పొందాడు. పదేళ్ళ తర్వాత రాసిన 'ఒప్పుకోలు' పుస్తకం మొదలు నుంచి చివరిదాకా దేవునితో మాట్లాడుతున్నట్టే సాగుతుంది. మనిషి దేవుని కోసమే చేయబడ్డాడు గనుక ఆయనలో తప్ప ఎక్కడా కుదుటపడడు అన్నది ఆ పుస్తకం మొదటి పేజీ సారం.

ఈ పుస్తకంలో తరచు ఉదాహరించే ఆ తొలి వాక్యం కంటె పదో భాగం మరింత విలువైనది. మారుమనస్సు పొంది, బిషప్‌గా పని చేస్తున్న కాలంలో అగస్టీన్ తనను తాను పరీక్షించుకుంటాడు. రుచి చూసినందువల్లనే ఇప్పుడు ఆకలి వేస్తోందని అక్కడ దేవునితో చెబుతాడు. అంటే దేవుని కోసం ఆకలి బయట తిరిగేవాడి లక్షణం మాత్రమే కాదు, ఇంట్లోకి వచ్చినవాడిదీ.

పన్నెండో శతాబ్దంలో క్లెయిర్వో మఠాధిపతి బెర్నార్డ్ పరమగీతం మీద సన్యాసులకు ప్రసంగాలు మొదలుపెట్టాడు. 1135 నుంచి 1153లో చనిపోయేదాకా, పద్దెనిమిదేళ్ళలో 86 ప్రసంగాలు చేసి, ఎనిమిది అధ్యాయాల ఆ చిన్న గ్రంథంలో మూడో అధ్యాయం మొదట్లోనే ఆగిపోయాడు. ప్రియురాలు ప్రియుడి కోసం వెతికే పాటను దేవుని కోసం వెతికే ఆత్మ పాటగా చదివే సంప్రదాయానికి ఆయన పెట్టిన ముద్ర చెరగలేదు. మన నాయికా నాయక భావ భక్తి ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ దారి కొత్తగా అనిపించదు.

నీళ్ళు అందని రోజులు

ఆకలి గురించి మాట్లాడినవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు ఒక చేదు ప్రశ్నను ఎదుర్కోవలసి వచ్చింది. ప్రార్థించబుద్ధి కాని రోజులు వస్తే? వాక్యం చదివినా రుచి తెలియకపోతే? తెలుగు విశ్వాసులు "ఆత్మీయంగా ఎండిపోయాను" అని సాక్ష్యాల్లో చెప్పుకునే స్థితి ఇదే.

దీనికి ప్రధానమైన జవాబు స్పెయిన్ దేశపు ఇద్దరు కార్మెలీయ సన్యాసుల నుంచి వచ్చింది. ఆవిలా తెరెసా (1515–1582) తన ఆత్మకథలో ప్రార్థనను తోటకు నీళ్ళు పెట్టే నాలుగు పద్ధతులతో పోల్చింది. మొదటిది బావిలోంచి చేదతో తోడడం, అందులో చేతులు కాయలు కాస్తాయి. రెండోది నీటి చక్రంతో ఎత్తడం. మూడోది ఏటి నుంచి కాలువ పారడం. నాలుగోది వాన. యాతంతో, కపిలతో నీళ్ళు తోడిన ముత్తాతలున్న రైతు కుటుంబాలకు ఈ వివరణకు టీకా అక్కరలేదు. బావిలో నీళ్ళే లేని రోజు సంగతి కూడా తెరెసా మరిచిపోలేదు. ఆ రోజు కూడా తోటమాలి తోటలో ఉండాలి, తోట యజమానిది, నీళ్ళిచ్చేదీ ఆయనే అని ఆమె సలహా. తనకే ఏళ్ళ తరబడి ప్రార్థన భారంగా నడిచిందని, గంట ఎప్పుడు కొడతారా అని చూసేదాన్నని దాపరికం లేకుండా రాసుకుంది.

ఆమె సహచరుడు సిలువ యోహానును (1542–1591), మఠ సంస్కరణలో పాల్గొన్నందుకు, సాటి సన్యాసులే పట్టుకుపోయి 1577 డిసెంబరులో తొలెదోలో ఒక ఇరుకు గదిలో బంధించారు. దాదాపు తొమ్మిది నెలల తర్వాత 1578 ఆగస్టులో తప్పించుకున్నాడు. దేవుణ్ణి వెతికే ఆత్మ గురించి ఆయన రాసిన 'ఆత్మీయ గీతం'లో చాలా చరణాలు ఆ చెరలోనే పుట్టాయి. దేవుడు దూరమైనట్టు తోచే కాలాన్ని ఆయన చీకటి రాత్రి అన్నాడు. బిడ్డకు పాలు మాన్పించే తల్లిలా దేవుడు తన భక్తుడికి తీపి అనుభూతులను ఆపివేస్తాడని, అనుభూతుల మీద మోజు పోయి దేవుని మీదే ప్రేమ మిగలడానికి ఇది దారి అని ఆయన వివరించాడు. అనుభూతి లేకపోయినా వెతుకులాట ఆగకపోతే అదే నిజమైన ఆకలికి గుర్తు.

ఈ మాట ఇరవయ్యో శతాబ్దంలో కలకత్తా వీధుల్లో రుజువైంది. మదర్ తెరెసా 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్ళే రైలులో పేదల మధ్య బతకమన్న పిలుపు విన్నది. 1943 బెంగాల్ కరువు, 1946 ఆగస్టు మతకల్లోలం చూసిన నగరం అది. ఆమె స్థాపించిన సంస్థ ప్రార్థనామందిరాల్లో సిలువ పక్కన యేసు దాహమని పలికిన మాట రాసి ఉంటుంది. పేదవాడి దాహంలో ఆ దాహాన్ని తీర్చడమే సంస్థ ఉద్దేశం. ఆమె చనిపోయిన పదేళ్ళకు, 2007లో, ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. పని మొదలైన నాటి నుంచి దాదాపు యాభై ఏళ్ళు ఆమె లోపల దేవుని సన్నిధి అనుభవం లేక చీకటి ఆవరించి ఉందని లోకానికి అప్పుడు తెలిసింది. కొందరు దాన్ని విశ్వాసలోపం అన్నారు. తెల్లవారుజామున లేచి ప్రార్థించి, రోడ్డు పక్కన పడి ఉన్నవాళ్ళను ఎత్తుకొచ్చిన మనిషి అర్ధశతాబ్దం పాటు ఆ పని విడవకపోవడాన్ని ఆ పేరుతో పిలవడం న్యాయం కాదు.

ప్రొటెస్టంట్ దారి

సంస్కరణోద్యమం తర్వాత వంద నూటయాభై ఏళ్ళకు జర్మనీ లూథరన్ సంఘాల్లో సిద్ధాంతం గట్టిపడి భక్తి చల్లబడిందన్న బాధతో ఫిలిప్ యాకోబ్ స్పేనర్ 1675లో 'పియా డెసిడేరియా' రాశాడు. ఇళ్ళలో చిన్న గుంపులుగా కూడి బైబిలు చదవమన్నాడు. ఆ భక్త్యుద్యమానికి కేంద్రమైన హాలే నుంచే 1706లో త్రాంక్విబారుకు తొలి ప్రొటెస్టంట్ మిషనరీలు వచ్చారు. వాళ్ళ తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చి బైబిలును అనువదించాడు. అది అచ్చు కాలేదు గాని, ఆయన రాసిన చిన్న తెలుగు పుస్తకాలు 1746లో హాలేలో అచ్చయ్యాయి. తెలుగులో అచ్చైన తొలి పుస్తకాలుగా వాటినే చెబుతారు. జర్మన్ పల్లెల ఆత్మీయ దాహానికీ తెలుగు అచ్చు అక్షరానికీ ఉన్న ఈ సంబంధం మన సాహిత్య చరిత్రల్లో ఇంకా పెద్దగా చోటు దక్కవలసిన సంగతి.

ఇంగ్లండులో జాన్ వెస్లీ చర్చి గురువై, అమెరికాలోని జార్జియాకు మిషనరీగా వెళ్ళి వచ్చాక కూడా లోపల వెలితితోనే ఉన్నాడు. 1738 మే 24 సాయంత్రం లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూటంలో లూథరు రాసిన రోమా పత్రిక పీఠిక చదువుతుండగా తన హృదయంలో వెచ్చదనం కలిగిందని దినచర్యలో రాసుకున్నాడు. ఇరవయ్యో శతాబ్దంలో షికాగో పాస్టరు ఎ. డబ్ల్యు. టోజర్, పెద్ద చదువు లేకుండా పొలం నుంచి వచ్చినవాడు, 1948లో ప్రచురించిన చిన్న పుస్తకంలో అమెరికా చర్చీలు క్రీస్తును అంగీకరించడంతోనే అంతా అయిపోయిందన్నట్టు బోధించి విశ్వాసుల ఆకలిని చంపేశాయని నిలదీశాడు. టెక్సస్ వెళ్ళే రైలులో రాత్రంతా కూర్చుని ఆయన ఈ పుస్తకానికి చిత్తుప్రతి రాశాడని ప్రసిద్ధి.

కరువులో పెరిగిన పండిత

1858లో పుట్టిన పండిత రమాబాయి బాల్యం ఊరూరా తిరుగుతూ పురాణం చెప్పుకున్న బ్రాహ్మణ కుటుంబంలో గడిచింది. 1870ల కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో ఆమె తల్లీ తండ్రీ చనిపోయారు. మిగిలిన అన్నతో నడిచి నడిచి కలకత్తా చేరిన ఇరవై ఏళ్ళ యువతి సంస్కృత పాండిత్యం చూసి అక్కడి పండితులు ఆమెకు పండిత, సరస్వతి బిరుదులిచ్చారు. 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం పొందింది. అయినా, తనకు క్రైస్తవ మతం దొరికింది గాని క్రీస్తు దొరకలేదని కొన్నేళ్ళ తర్వాత గ్రహించానని తన సాక్ష్యంలో ఆమె చెప్పుకుంది. వెస్లీలాగే ఆమె కూడా లోపల ఉండి ఆకలిగొన్న మనిషి.

1896–97 కరువులో ఆమె మధ్యపరగణాలకు వెళ్ళి ఆకలితో అలమటిస్తున్న బాలికలను, వితంతువులను వందలకొద్దీ తీసుకొచ్చి పుణె దగ్గర కేడ్‌గాఁవ్‌లో ఆశ్రయమిచ్చింది. అదే ముక్తి మిషన్. వేల్సు దేశంలో 1904లో ఇవాన్ రాబర్ట్స్ అనే, ఒకప్పుడు గనిలో పనిచేసిన యువకుడి ప్రార్థనలతో చెలరేగిన ఉజ్జీవం వార్తలు విని రమాబాయి తన ఆశ్రమంలో ప్రార్థన బృందాలు ఏర్పరచింది. 1905 జూన్‌లో ముక్తిలో ఉజ్జీవం మొదలైంది. ఏడుస్తూ, పాపాలు ఒప్పుకుంటూ గంటల తరబడి మోకాళ్ళ మీద ఉన్న ఆ ఆడపిల్లల్లో అనేకులు కొన్నేళ్ళ క్రితం దారిపక్కన గింజలు ఏరుకున్నవాళ్ళు. ముందు వాళ్ళకు అన్నం దొరికింది, చదువు దొరికింది, ఆ తర్వాత ఈ కొత్త ఆకలి పుట్టింది. ఆ వరుస గమనించదగ్గది.

గుండ్లకమ్మ ఒడ్డున

తెలుగు నేల మీద ఈ విషయానికి అన్నిటికంటె పెద్ద ఉదాహరణ ఒంగోలు. నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఏళ్ళు గడిచినా ఫలితం కనబడక మూసివేత అంచుకు చేరిన రోజుల్లో, 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ కొండను ప్రార్థన కొండ అంటారు. 1866లో మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరాడు.

క్లౌ రాకముందే వెతుకుతున్నవాడొకడు అక్కడ ఉన్నాడు. తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య, మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. వ్యాపారం పేరుతో ఊళ్ళు తిరుగుతూ గురువులను ఆశ్రయించి రాజయోగం అభ్యసించాడు. దేవుణ్ణి తెలుసుకోవాలన్న అతని తపన మిషనరీ తెచ్చి పెట్టింది కాదు. కొత్త మార్గం గురించి విని తానే ఒంగోలుకు నడిచి వచ్చాడు. బాప్తిస్మం పొంది, ఆ సీమలో తొలి బోధకుల్లో ఒకడై, క్లౌకు కుడిభుజంగా నిలిచాడు. ఇతని కథను క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాసింది. తెలుగు క్రైస్తవ చరిత్రను క్లౌతో మొదలుపెట్టడం కన్నా పేరయ్య ఆకలితో మొదలుపెట్టడమే సరైన పద్ధతి.

1876–78 మహాకరువు వచ్చినప్పుడు క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. పేరయ్య వంటి బోధకులు మేస్త్రీలుగా ఉండి, మధ్యాహ్నపు విరామంలో కూలీలతో కూర్చుని మాట్లాడేవాళ్ళు. ఎందరో బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు నిలిపివేశాడు. సహాయ ధనం అయిపోయింది, ఇక పంచడానికి ఏమీ లేదని చెప్పాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్ళలో నిలబడి ఇచ్చారు. క్లౌ చేతిమీదుగా ఒక్కటీ జరగలేదు. జూన్ మధ్య నుంచి జూలై ఆఖరు వరకు లెక్క 8,691.

వీళ్ళు అన్నం కోసం వచ్చారా, దేవుని కోసం వచ్చారా అన్న వాదన ఆనాటి నుంచీ ఉంది. ఆ ప్రశ్న అడిగే తీరులోనే ఒక పొరపాటుంది. కొత్త విశ్వాసులు చచ్చిన పశువు మాంసం మానాలి, జాతరల్లో డప్పు కొట్టడం మానాలి, ఆదివారం పనికి పోకూడదు. ఫలితంగా ఊరి పెద్దలు బావుల దగ్గరికి రానివ్వలేదు, పనులు లేకుండా చేశారు, కొట్టారు. అన్నమే కావాలనుకున్నవాడు అన్నం పోగొట్టుకునే దారి ఎన్నుకోడు. తన పిల్లవాడు బడికి పోవాలని, తనను మనిషిగా పిలవాలని కోరుకున్న ఆకలి, దేవుని కోసం ఆకలి వాళ్ళలో విడివిడిగా లేవు. నీతి కోసం ఆకలిగొనడం అంటే ఏమిటో గుండ్లకమ్మ ఒడ్డున నిలబడినవాళ్ళకు వేదాంత పండితుల కంటె బాగా తెలుసు.

తెలుగు నేల మీద ఈ దాహం ఇంకా రకరకాల రూపాలు తీసుకుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసిన పాటలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'లో చేరి శాఖాభేదం లేకుండా ఇంటింటి భాష అయ్యాయి. 1938లో రాజమండ్రిలో బైబిలు మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు విన్నపాల జాబితా పక్కన పెట్టి, దేవుని సన్నిధిలో నిశ్శబ్దంగా కనిపెట్టడాన్ని విశ్వాసులకు నేర్పారు. ఏటా జనవరి చివర గుంటూరులో జరిగే ఆ మిషన్ మహాసభలకు రెండు తెలుగు రాష్ట్రాల నుంచి జనం తరలివస్తారు.

పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టిన బఖ్త్ సింగ్ (1903–2000) చదువుకు ఇంగ్లండు, కెనడాలు వెళ్ళి, 1929లో విన్నిపెగ్‌లో బైబిలు చదువుతూ క్రీస్తును నమ్మాడు. 1933లో స్వదేశం వచ్చాడు. 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండ మీద తోటివారితో కలిసి రాత్రంతా ప్రార్థించాక స్వతంత్ర సంఘాల ఉద్యమం మొదలైంది. తర్వాత హైదరాబాదులోని హెబ్రోను ఆయన కేంద్రం. అక్కడి పరిశుద్ధ సమాజ కూడికల్లో రోజుకు ఎన్నో గంటలు వాక్యం, ప్రార్థన సాగేవి. కులం, హోదా చూడకుండా అందరూ ఒకే పందిట్లో చాపల మీద కూర్చుని ఒకే అన్నం తినడం ఆయన పెట్టిన పద్ధతి. దానికి ప్రేమ విందు అని పేరు. కొరింథులో పౌలు వెతికి కనుగొనలేని బల్ల అది.

ఉపవాసం, దాని హద్దు

ఆత్మ ఆకలిని పెంచడానికి శరీర ఆకలిని కొంతసేపు ఓర్చుకోవడం అన్ని శాఖల్లోనూ ఉంది. బుధ, శుక్రవారాల ఉపవాసం తొలి సంఘాల నాటి 'దిదఖే'లోనే కనిపిస్తుంది. తెలుగు కతోలికులు తపస్సు కాలం అన్నా, ప్రొటెస్టంట్లు శ్రమల దినాలు అన్నా అవి ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులే. శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకొకసారి రాత్రి జాగరణ ప్రార్థన మన పట్టణాల సంఘాల్లో మామూలు.

దీనికి చీకటి పార్శ్వమూ ఉంది. సియెన్నా కేథరిన్ (1347–1380) తిండి దాదాపు మానేసి ముప్పై మూడేళ్ళకే చనిపోయింది. ఫ్రెంచి తత్వవేత్త సిమోన్ వేయ్ దేవుని కోసం నిరీక్షణ గురించి అపూర్వంగా రాసింది. జర్మన్ ఆక్రమణలోని తన దేశస్థులకు దొరికేంత తిండి మించి తిననని పట్టుబట్టి, క్షయతో 1943లో ఇంగ్లండులో కన్నుమూసింది. వాళ్ళ ప్రేమను శంకించనక్కరలేదు. అనుసరించనూ అక్కరలేదు. మధుమేహం ఉన్నవాళ్ళను, గర్భిణులను, చిన్నపిల్లలను ఉపవాసానికి బలవంతపెట్టే సంఘం బైబిలు అడగనిది అడుగుతోంది. యెషయా 58వ అధ్యాయం దేవునికి నచ్చే ఉపవాసం ఏమిటో తేల్చిచెప్పింది: కాడి విరగగొట్టడం, ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టడం.

బయటి నుంచి వచ్చిన విమర్శ ఇంకొకటి. దేవుడు మనిషి కోరికల నీడ మాత్రమేనని 1841లో ఫాయర్‌బాఖ్, బాల్యపు నిస్సహాయత నుంచి పుట్టిన భ్రమ అని 1927లో ఫ్రాయిడ్ వాదించారు. దీనికి సి. ఎస్. లూయిస్ 1941లో ఆక్స్‌ఫర్డ్ ప్రసంగంలో ఇచ్చిన జవాబు తెలిసిందే: ఆకలి ఉన్నంత మాత్రాన ఈ మనిషికి రొట్టె దొరుకుతుందని రుజువు కాదు, అతడు తినే జీవి అని మాత్రం రుజువవుతుంది. ఈ జవాబు విమర్శకులందరి నోరూ మూయించలేదు. అయితే కోరికే దేవుణ్ణి కల్పించిందన్న సిద్ధాంతానికి ఎండిన బావి దగ్గర ఏళ్ళ తరబడి నిలబడ్డ తెరెసాలను వివరించడం కష్టం. కల్పించుకున్న దేవుడైతే అడిగినప్పుడల్లా హాయినివ్వాలి కదా.

తెలుగు సంఘాలకు ఈ విమర్శకన్నా దగ్గరి ప్రమాదం వేరే ఉంది. దేవుణ్ణి కాక దేవుని దీవెనలను, అందులోనూ డబ్బును ఆశించమనే బోధ టీవీల్లోనూ ఫోన్లలోనూ పెరిగింది. అది ఆకలిని పెంచదు, దారి మళ్ళిస్తుంది.

దారి మళ్ళని ఆకలి ఎలా ఉంటుందో మన ఈశాన్యంలో చూడవచ్చు. 1905లో ఖాసీ కొండల్లో మొదలైన ఉజ్జీవం మరుసటి ఏడాది మిజోరం చేరింది. దాని వెనకే, 1910 ప్రాంతంలో, అక్కడి క్రైస్తవ స్త్రీలు ప్రతి పూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి సంఘం కోసం విడిగా ఉంచే ఆచారం మొదలుపెట్టారు. మిజోలు దాన్ని బుహ్‌ఫై థమ్ అంటారు. నూరేళ్ళు దాటినా ఆ ఆచారం నడుస్తూనే ఉంది. సంఘ సేవకుల పోషణకు, భారతదేశంలోని ఇతర ప్రాంతాల్లో మిజో సంఘాలు చేసే సేవకు ఆ పిడికెడు బియ్యం అమ్మిన డబ్బు ఖర్చవుతుంది.